చిరునామా మారిన కొలిమి

2022 ఫిబ్రవరి 8. బీజింగ్ శీతాకాల ఒలింపిక్స్‌లో ఐలీన్ గూ అనే పద్దెనిమిదేళ్ల అమ్మాయి మంచు వాలు మీంచి గాల్లోకి లేచి, గిరికీలు కొట్టి, కిందికి దిగి బంగారు పతకం పట్టుకుపోయింది. టీవీ ముందు కూర్చున్న చాలామంది కళ్లు మాత్రం ఆమె వెనకాల నిలబడ్డ నాలుగు బ్రహ్మాండమైన కూలింగ్ టవర్ల మీదే ఉండిపోయాయి. అణువిద్యుత్ కేంద్రం పెరట్లో ఈ ఆటలేమిటని సోషల్ మీడియాలో జోకులు పేలాయి. నిజానికి అది షౌగాంగ్ ఉక్కు కర్మాగారం. 1919లో మొదలై తొంభై ఏళ్లు బీజింగ్ పడమటి అంచున పొగ చిమ్మింది. 2010 డిసెంబరులో అక్కడ ఉక్కు తయారీ పూర్తిగా ఆగిపోయింది. ఖనిజం నిల్వ చేసిన సైలోల్లో ఒలింపిక్ నిర్వాహకులు ఆఫీసులు పెట్టుకున్నారు. ఒక బ్లాస్ట్ ఫర్నేస్ ప్రదర్శనశాల అయింది.

మరి ఉక్కు? అది నిక్షేపంగా తయారవుతూనే ఉంది, రెండు వందల కిలోమీటర్ల అవతల. 2005లో చైనా ప్రభుత్వం ఆమోదించిన ప్రణాళిక ప్రకారం షౌగాంగ్ హెబెయ్ ప్రావిన్స్‌లోని తాంగ్షాన్ పరిధిలో, బోహాయ్ అఖాతాన్ని పూడ్చి పెంచిన కావోఫేయ్‌దియన్ దీవికి మకాం మార్చింది. అక్కడ 5,500 ఘనపు మీటర్ల కొలిములు కట్టారు. ప్రపంచంలోని అతి పెద్ద కొలిముల్లో వాటికి చోటుంది.

బీజింగ్‌కు లాభమే. నగరం గాలిలోకి దుమ్ము, గంధకం వదిలే పెద్ద పొగగొట్టాలు పోయాయి. అయితే ఆ లాభం కూడా పూర్తిగా దక్కలేదు. 2013 జనవరిలో రాజధానిని రోజుల తరబడి కప్పేసిన పొగమంచులో హెబెయ్ నుంచి గాలి మోసుకొచ్చిన వాటా కూడా ఉంది. అవతలికి నెట్టిన పొగ దక్షిణపు గాలి తిరిగినప్పుడల్లా పుట్టింటికి వచ్చిపోయేది.

ఇక్కడ దుమ్మునూ కార్బన్‌నూ విడదీసి చూడాలి. దుమ్ము పుట్టిన చోటి చుట్టుపక్కలే పడి, అక్కడివాళ్ల ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. ఫ్యాక్టరీని దూరం తీసుకెళితే ఎవరో ఒకరికి మేలు, మరొకరికి కీడు. కార్బన్ డయాక్సైడ్ అలా కాదు. బీజింగ్‌లో వదిలినా, బోహాయ్ ఒడ్డున వదిలినా, బొకారోలో వదిలినా అది భూగోళమంతటికీ సమంగా పరుచుకుంటుంది, శతాబ్దాలు ఉండిపోతుంది. భారీ పరిశ్రమను ఒకచోటి నుంచి మరోచోటికి మారిస్తే ఉద్గారాలు తగ్గుతాయా అన్న ప్రశ్నకు దూరంతో నిమిత్తం లేదు. కొత్త చోట ఏం మండిస్తారన్నది ఒక సంగతి. పాతది నిజంగా మూతపడిందా అన్నది ఇంకో సంగతి. మూడోది, జనం తరచూ మరిచేది: కొత్త చోట ఈ పరిశ్రమ రాకముందు అక్కడి కరెంటూ నీళ్లూ ఎవరికి వెళుతున్నాయి?

షౌగాంగ్ విషయంలో మొదటి దానికి జవాబు నిరుత్సాహంగానే ఉంటుంది. పెద్ద కొలిమి చిన్నదానికన్నా పొదుపుగా బొగ్గు వాడుతుంది, నిజమే. ఖనిజం ఓడలోంచి నేరుగా దిగుతుంది కాబట్టి రైలు ఖర్చు కలిసొస్తుంది. కానీ ఈ పొదుపుకు ఒక గీత ఉంది. దాన్ని దాటడం ఏ ఇంజనీరు తరమూ కాదు. ఎందుకంటే బ్లాస్ట్ ఫర్నేస్‌లో కోక్ బొగ్గు పొయ్యి కింద కట్టె కాదు, పప్పుచారులో చింతపండు. ఖనిజంలో ఇనుమును పట్టుకుని ఉన్న ఆక్సిజన్‌ను లాగేసేది కోక్‌లోని కార్బనే. లాగేశాక అది కార్బన్ డయాక్సైడ్‌గా బయటికి రాక తప్పదు. ఈ పద్ధతిలో టన్ను ఉక్కుకు అటూ ఇటుగా రెండు టన్నుల కార్బన్ డయాక్సైడ్ ఖాయం. కొలిమిని హిమాలయాల్లో కట్టినా అంతే.

పైగా కొత్తగా కట్టడంలో ఒక మెలిక ఉంది. బ్లాస్ట్ ఫర్నేస్ లోపలి ఇటుకను పదిహేను ఇరవై ఏళ్లకోసారి మార్చుకుంటూ పోతే అది నలభై ఏళ్లు సులువుగా పనిచేస్తుంది. బీజింగ్‌లోని పాత చోటు షిజింగ్షాన్‌లో ఆయువు తీరుతున్న కొలిములు పోయి, కావోఫేయ్‌దియన్‌లో పసికందులు పుట్టాయి. తరలింపు గడియారాన్ని సున్నా దగ్గరికి తిప్పేసింది. ఆ పెట్టుబడి తిరిగి రాబట్టుకునేదాకా వాటిని ఆర్పమని అడిగే ధైర్యం ఎవరికుంటుంది? తరలింపుల లెక్కల్లో అన్నిటికన్నా బరువైన పద్దు ఇదేనని నాకనిపిస్తుంది. చర్చల్లో అన్నిటికన్నా తక్కువగా వినపడేదీ ఇదే.

తాంగ్షాన్ ఒక్క నగరమే 2020లో 14 కోట్ల టన్నులకు పైగా ఉక్కు పోసింది. ఆ ఏడాది భారతదేశం మొత్తం పోసింది 10 కోట్ల టన్నులు. మరుసటి ఏడాది మార్చిలో చైనా పర్యావరణ మంత్రి హువాంగ్ రన్‌చియు చెప్పాపెట్టకుండా అక్కడి మిల్లుల్లో దిగితే, కాలుష్యం పెరిగిన రోజుల్లో ఉత్పత్తి తగ్గించామని రాసిన రిజిస్టర్లు దొంగ లెక్కలని తేలింది.

జర్మనీ నుంచి నావల మీద

షౌగాంగ్ కన్నా ముందే ఇలాంటి ప్రయాణం ఒకటి ఖండాలు దాటి జరిగింది. జర్మనీలోని డార్ట్‌మండ్ నగరంలో ఫీనిక్స్ ఉక్కు కర్మాగారం 2001లో మూతపడింది. థిస్సెన్‌క్రుప్ సంస్థ దాన్ని చైనాలోని షాగాంగ్ కంపెనీకి అమ్మేసింది. దాదాపు వెయ్యిమంది చైనా కార్మికులు వచ్చి, బోల్టు బోల్టుగా విప్పి, ప్రతి ముక్కకూ గుర్తులు పెట్టి, రెండున్నర లక్షల టన్నుల సామగ్రిని జియాంగ్సూ ప్రావిన్స్‌లో యాంగ్‌ట్సీ నది ఒడ్డుకు తరలించారు. అనుకున్న గడువుకన్నా ముందే ముగించేశారు. కర్మాగారం ఉన్న చోట ఇప్పుడో చెరువుంది. దాని ఒడ్డున ఖరీదైన ఇళ్లున్నాయి.

జర్మనీ ఉద్గారాల పట్టికలో అంత మేర తగ్గుదల కనబడుతుంది. అదే యంత్రాలు జియాంగ్సూలో పనిచేస్తే చైనా పట్టికలో అంత పెరుగుదల. ఆ ఉక్కుతో చేసిన యంత్రం తిరిగి యూరప్‌కు చేరినా దానితోపాటు కార్బన్ లెక్క రాదు. క్యోటో నుంచి పారిస్ దాకా దేశాలన్నీ ఒప్పుకున్న పద్ధతి ఇది. పొగ ఎక్కడ లేచిందో అక్కడే ఖాతా రాస్తారు, వస్తువు ఎవరు వాడుకున్నారో అడగరు.

ఇదే తంతు ఒక దేశం లోపల కూడా నడుస్తుందని లెక్కలతో చూపిన అధ్యయనం 2013లో అమెరికా జాతీయ సైన్స్ అకాడమీ పత్రికలో వచ్చింది. ఫెంగ్ క్వీషువాంగ్, స్టీవెన్ డేవిస్, మరికొందరు 2007 నాటి చైనా లెక్కలు తవ్వారు. దేశం విడిచిన కార్బన్‌లో 57 శాతం, ఒక ప్రావిన్స్‌లో తయారై మరోచోట (మరో ప్రావిన్స్‌లోనో, విదేశంలోనో) వాడిన వస్తువులదేనని తేల్చారు. సంపన్న తీరప్రాంతాలు వాడుకునే సరుకుల వెనకున్న ఉద్గారాల్లో 80 శాతం దాకా పేద ప్రావిన్స్‌ల నుంచి దిగుమతైనవే. అప్పటికి చైనా ప్రభుత్వం తీరప్రాంతాలకు కఠినమైన లక్ష్యాలు, లోపలి ప్రాంతాలకు సడలింపులు పెట్టింది. న్యాయంగానే కనిపిస్తుంది కదా! కానీ ఫలితం తిరగబడే ప్రమాదం ఉంది. తీరంలో ఉన్న కొత్త, పొదుపైన మిల్లుకు బిగింపు. లోపలి ప్రాంతంలో ఉన్న పాత, దుబారా మిల్లుకు ఆర్డర్లు. ఇలాంటి చోట తరలింపు మొత్తం ఉద్గారాలను పెంచుతుంది కూడా.

షాన్‌డాంగ్ బొగ్గు, యునాన్ నీళ్లు

ఉక్కు కథ ఇలా ఉంటే అల్యూమినియం కథ పూర్తిగా వేరు. పరిశ్రమను తరలించడం నిజంగా కార్బన్‌ను తగ్గించగలదంటే అది ఇక్కడే.

అల్యూమినా అనే తెల్లటి పొడిని కరిగించి, అందులోంచి కరెంటు పంపితే లోహం విడిపోతుంది. టన్ను లోహానికి సుమారు 13,500 యూనిట్ల కరెంటు కావాలి. ఆ కరెంటు బొగ్గుదైతే యూనిట్‌కు 0.9 కిలోల చొప్పున చూసినా 12 టన్నుల కార్బన్ డయాక్సైడ్. జలవిద్యుత్తు అయితే ఆ 12 దాదాపు సున్నా. తొట్టెల్లో కాలిపోయే కార్బన్ కడ్డీల నుంచి వచ్చే ఒకటిన్నర టన్ను మాత్రం ఎక్కడున్నా తప్పదు. ఉక్కులో బొగ్గు రసాయనం, అల్యూమినియంలో బొగ్గు ఉత్త కరెంటు. అందుకే అల్యూమినియం స్మెల్టర్ చిరునామా మారితే లెక్క తలకిందులవుతుంది.

చైనాలో షాన్‌డాంగ్ ప్రావిన్స్ బొగ్గు కరెంటు అల్యూమినియానికి రాజధాని. అక్కడి హాంగ్‌చియావ్ కంపెనీ సొంత బొగ్గు విద్యుత్ కేంద్రాల మీద బతికి ప్రపంచంలోనే పెద్ద ఉత్పత్తిదారుల్లో ఒకటైంది. 2019లో అది ఏటా 20 లక్షల టన్నుల పైచిలుకు సామర్థ్యాన్ని నైరుతి మూల ఉన్న యునాన్‌కు తరలిస్తానని ప్రకటించింది. మరుసటి ఏడాదే అక్కడ ఉత్పత్తి మొదలుపెట్టింది. యునాన్ అంటే లాన్‌సాంగ్, జిన్షా నదులు, వాటిమీద మహా ఆనకట్టలు. కరెంటులో అత్యధిక భాగం నీటిదే. 2010ల మధ్యలో ఆ కరెంటును కొనే నాథుడు లేక వర్షాకాలంలో నీళ్లను టర్బైన్ల మీదికి కాకుండా ఊరికే వదిలేశారు. రండి బాబూ రండని స్మెల్టర్లను చౌక కరెంటుతో పిలిచింది అందుకే.

కాగితం మీద లెక్క బ్రహ్మాండం. 20 లక్షల టన్నులు, టన్నుకు 12 చొప్పున ఏటా 2.4 కోట్ల టన్నుల కార్బన్ డయాక్సైడ్ మిగులు. వృథాగా పోయే నీళ్లతోనే స్మెల్టర్ నడిచినంతకాలం ఈ లెక్కకు వంక పెట్టలేం.

స్మెల్టర్లు గుంపుగా వచ్చిపడ్డాక మిగులు మాయమైంది. 2021 మేలో వానలు మొహం చాటేశాయి. స్మెల్టర్లకు కోతలు. 2022 సెప్టెంబరులో మళ్లీ కోతలు. 2023 ఫిబ్రవరిలో కొన్నిచోట్ల ఉత్పత్తిని 40 శాతం దాకా దించమన్నారు. అల్యూమినియం తొట్టెకు ఒక జబ్బుంది. కొన్ని గంటలు కరెంటు ఆగితే లోపలి ద్రవం గడ్డకట్టుకుపోతుంది. మళ్లీ తిప్పడానికి వారాలు, కోట్లు.

అసలు చిక్కు అంతకన్నా లోతైనది. యునాన్ నీటి కరెంటంతా ఖాళీగా కూర్చున్నది కాదు. పడమటి కరెంటును తూర్పుకు పంపే జాతీయ పథకం కింద అది ఎన్నో ఏళ్లుగా గువాంగ్‌డాంగ్ ఫ్యాక్టరీలకు వెళుతోంది. యునాన్‌లో స్మెల్టర్ ఒక యూనిట్ ఎక్కువ తాగితే, గువాంగ్‌డాంగ్‌లో ఒక యూనిట్ లోటు. ఆ లోటును పూడ్చేది ఎక్కువగా బొగ్గే. స్మెల్టర్ గేటు దగ్గర మీటరు పెడితే పచ్చటి అల్యూమినియం. గ్రిడ్ మొత్తాన్ని చూస్తే షాన్‌డాంగ్‌లో మండాల్సిన బొగ్గు గువాంగ్‌డాంగ్‌లో మండుతోంది. ‘పచ్చ’ సర్టిఫికెట్టు అంటించుకున్న లోహానికి ప్రీమియం ధర వస్తుంది, కాబట్టి ఈ రెండో లెక్క వేయడానికి కంపెనీలకు తొందరేమీ ఉండదు.

అయినా చైనా ఒక మంచి పని చేసింది, ఒప్పుకోవాలి. దేశం మొత్తం మీద అల్యూమినియం సామర్థ్యం 4.5 కోట్ల టన్నులు దాటకూడదని గీత గీసింది. కొత్త స్మెల్టర్ పెట్టాలంటే పాతదాని కోటా తెచ్చి చూపాలి. షాన్‌డాంగ్‌లో మూస్తేనే యునాన్‌లో తెరవొచ్చు. ఈ షరతు లేకపోతే దాన్ని తరలింపు అనలేం, విస్తరణ అనాలి. పాత కొలిమి అక్కడ మండుతూనే ఉంటుంది, కొత్తది ఇక్కడ తోడవుతుంది.

గీత చైనా సరిహద్దు దగ్గర ఆగిపోతుంది. అందుకే ఇప్పుడు చైనా పెట్టుబడి ఇండోనేషియాకు నడిచింది. సులవేసి దీవిలో మొరొవాలి పారిశ్రామికవాడ 2013లో మొదలై, నికెల్, స్టెయిన్‌లెస్ స్టీల్ కేంద్రంగా ఎదిగింది. దాని వెన్నెముక ఫ్యాక్టరీల సొంత బొగ్గు విద్యుత్ కేంద్రాలు. విదేశాల్లో కొత్త బొగ్గు విద్యుత్ కేంద్రాలు కట్టబోమని షీ జిన్‌పింగ్ 2021 సెప్టెంబరులో ఐక్యరాజ్య సమితిలో మాటిచ్చారు. ఫ్యాక్టరీ ప్రహరీ లోపల కట్టుకునేవి ఆ మాట కిందికి రావన్నట్టుగానే పని సాగింది. ఎలక్ట్రిక్ కార్ల బ్యాటరీకి పోయే నికెల్ బొగ్గు మంటమీద కరుగుతోంది.

ఎవరూ కార్బన్ గురించి ఆలోచించకుండానే మంచి జరిగిన తరలింపు కూడా ఒకటుంది. 1970ల చమురు సంక్షోభాలకు ముందు జపాన్ పెద్ద అల్యూమినియం దేశం. కరెంటులో ఎక్కువ భాగం చమురుదే. ధర పేలిపోగానే స్మెల్టర్లు ఒక్కొక్కటే మూతపడ్డాయి. జపాన్ పెట్టుబడి సుమత్రాలో తోబా సరస్సు నుంచి దిగే అసహాన్ నది దగ్గరికి పోయింది, అక్కడ 1982లో ఉత్పత్తి మొదలైంది. చమురు పోయి నీళ్లొచ్చాయి. జపాన్‌లో ఆఖరిదాకా మిగిలింది కంబారాలోని ఒక్క స్మెల్టరే. సొంత జలవిద్యుత్తు ఉండటం వల్ల అది 2014 దాకా నెట్టుకొచ్చింది.

ఒకే సెప్టెంబరు, రెండు కొలిములు

మన దగ్గరికొద్దాం. 2024 సెప్టెంబరు 30న బ్రిటన్‌లోని పోర్ట్ టాల్బట్‌లో టాటా స్టీల్ ఆఖరి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ఆర్పేసింది. దాని స్థానంలో తుక్కును కరెంటుతో కరిగించే ఫర్నేస్ వస్తుంది. ఏటా 50 లక్షల టన్నుల కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుందని సంస్థ చెప్పుకుంది. బ్రిటన్ మొత్తం ఉద్గారాల్లో అది ఒకటిన్నర శాతం. దానికి పది రోజుల ముందు, సెప్టెంబరు 20న, అదే టాటా స్టీల్ ఒడిశాలోని కళింగనగర్‌లో 5,870 ఘనపు మీటర్ల కొత్త బ్లాస్ట్ ఫర్నేస్ వెలిగించింది. దేశంలో అదే పెద్దది.

పోర్ట్ టాల్బట్ కొలిమి కళింగనగర్‌కు వచ్చిందని ఎవరైనా అంటే అది తప్పు. ఒడిశాలో ఉక్కు మన వంతెనలకూ ఇళ్లకూ కావాలి. బ్రిటన్ దగ్గర తుక్కు గుట్టలున్నాయి, ఎందుకంటే అది నూటయాభై ఏళ్లుగా ఉక్కు వాడుతోంది. మన దగ్గర పాతబడ్డ ఉక్కే తక్కువ. తుక్కు లేని దేశం ఖనిజం నుంచే మొదలుపెట్టాలి. అయినా రెండు ప్రభుత్వాల పట్టికలు పక్కపక్కన పెట్టి చూస్తే ఒకరిది పచ్చబడుతోంది, ఒకరిది నల్లబడుతోంది. మన ఉక్కు టన్నుకు సగటున 2.5 టన్నుల కార్బన్ డయాక్సైడ్ వదులుతోంది. ప్రపంచ సగటు 1.9 దగ్గరుంది.

ఈ తేడాకే యూరప్ ఇప్పుడు వెల కట్టింది. సరిహద్దు కార్బన్ సుంకం 2026 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఉక్కు, అల్యూమినియం, సిమెంటు, ఎరువులు దాని కిందికి వస్తాయి. మిల్లులు కార్బన్ ఖర్చు తప్పించుకోవడానికి యూరప్ దాటి పారిపోకుండా కట్టిన గోడ అది. చారిత్రకంగా ఎక్కువ పొగ విడిచినవాళ్లు ఇప్పుడు మన మీద పన్ను వేయడమేమిటన్న మన ప్రభుత్వ అభ్యంతరంలో న్యాయం ఉంది. ఇంకో లోపం కూడా ఉంది. తక్కువ కార్బన్ ఉన్న ఉక్కును ఏరి యూరప్‌కు పంపి, ఎక్కువది ఇంట్లో వాడుకుంటే సుంకం తప్పుతుంది, వాతావరణంలో ఒక్క గ్రాము తేడా రాదు.

విశాఖ రేవులో రెండు సరుకులు

ఈ మొత్తం వ్యవహారం విశాఖపట్నం రేవులో నిలబడితే కంటికే కనిపిస్తుంది. కొరాపుట్ జిల్లా దామన్‌జోడి నుంచి నాల్కో అల్యూమినా రైళ్లలో దిగుతుంది. కొంత ఓడలెక్కి విదేశీ స్మెల్టర్లకు పోతుంది, మిగతాది రైలుమీదే ఒడిశాలోని అంగుల్‌కు వెళుతుంది. ఖనిజం దొరికే దామన్‌జోడిలో కాకుండా అంత దూరాన అంగుల్‌లో స్మెల్టర్ ఎందుకంటే, పక్కనే తాల్చేరు బొగ్గు గనులున్నాయి కనుక. దామన్‌జోడికి దగ్గర్లో మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం ఉంది కదా అనొచ్చు. దాని సామర్థ్యం 120 మెగావాట్లు. అంగుల్ స్మెల్టర్ ఏటా చేసే 4.6 లక్షల టన్నులకు రాత్రింబవళ్లు 700 మెగావాట్ల పైచిలుకు నిరంతరంగా కావాలి.

రెండో సరుకు ఇనుము. బైలదిల్లా ఖనిజం బురదగా మారి కిరండూల్ నుంచి గొట్టంలో విశాఖకు వస్తుంది. ఇక్కడ గుళికలుగా చుడతారు. అవి ఓడల్లో దక్షిణాదిని చుట్టి గుజరాత్‌లోని హజీరాకు వెళతాయి. హజీరాలో ఉక్కు కర్మాగారం నడిపే ఆర్సెలార్‌మిట్టల్ నిప్పన్ సంస్థే ఇప్పుడు అనకాపల్లి జిల్లా నక్కపల్లి మండలంలో కొత్త ఉక్కు కర్మాగారం తలపెట్టింది. ఇంత దూరం ఓడ ప్రయాణం తప్పుతుంది కదా, కార్బన్ తగ్గుతుందని ఎవరికైనా తోస్తుంది. పెద్ద ఓడలో టన్ను సరుకును కిలోమీటరు మోస్తే అయ్యేది కొన్ని గ్రాముల కార్బన్ డయాక్సైడే. విశాఖ నుంచి హజీరా దాకా లెక్కేసినా టన్ను ఉక్కుకు కొన్ని పదుల కిలోలు. మరో పక్క, హజీరాలో కొంత ఇనుమును సహజవాయువుతో తీస్తారు. ఆ దారిలో టన్నుకు వచ్చే కార్బన్, కోక్ దారికన్నా సుమారు మూడో వంతు తక్కువ. అంటే ఓడ ఖర్చును మిగుల్చుకుని కోక్ దారి పడితే ఆదా చేసినదానికి ఎన్నోరెట్లు పోగొట్టుకుంటాం.

ఇదే ఆర్సెలార్‌మిట్టల్ జర్మనీలో బ్రెమెన్, ఐజెన్‌హ్యూటెన్‌ష్టాట్‌లలో కోక్ లేకుండా ఇనుము తీసే ప్లాంట్ల ప్రణాళికను 2025 జూన్‌లో వదిలేసుకుంది. 130 కోట్ల యూరోల ప్రభుత్వ సాయం సిద్ధంగా ఉన్నా వద్దంది. కరెంటు ధరలు, హైడ్రోజన్ దొరకకపోవడం కారణాలుగా చెప్పింది. కార్బన్ లేని ఉక్కు ఇక జర్మనీ లాంటి చోట్ల కన్నా ఎండా, గాలీ, నీళ్లూ చవకగా ఉన్న చోట పుడుతుందని ఇప్పుడు చాలామంది నమ్మకం. ఉత్తర స్వీడన్ బోడెన్‌లో కొత్త ప్లాంట్ కడుతున్నది నదుల కరెంటు చూసుకునే. రాయలసీమ ఎండా గాలీ తక్కువవేమీ కాదు. నంద్యాల జిల్లా పిన్నాపురంలో నీటిని పైకి తోడి కరెంటు దాచుకునే 1,680 మెగావాట్ల ప్రాజెక్టు కూడా ఉంది.

మన కార్బన్ క్రెడిట్ల పథకం ఒక్కో టన్నుకు ఎంత కార్బన్ అని అడుగుతుంది తప్ప, మొత్తం ఎన్ని టన్నులని అడగదు. చైనా అల్యూమినియానికి గీసిన లాంటి గీత మనకు లేదు. ఇంకా ఎదగాల్సిన దేశం కాబట్టి ఉండనక్కర్లేదని వాదించవచ్చు, నేనూ ఆ వాదన వైపే మొగ్గుతాను. కానీ అప్పుడు ప్రతి కొత్త కొలిమికీ ఏ దారి అన్నది మొదటి రోజే తేలాలి. ప్రజాభిప్రాయ సేకరణలో భూమి, మత్స్యకారుల రేవు, ఉద్యోగాలు, దుమ్ము గురించి అడుగుతారు, అడగాలి కూడా. వాటి పక్కనే, ఇనుమును దేనితో తీస్తారు, ఆ కరెంటు ఎక్కడిది, పదిహేనేళ్ల తర్వాత లోపలి ఇటుక మార్చే వేళకు కోక్ మానేయాలన్న షరతు ఒప్పందంలో ఉందా అని కూడా అడగాలి. ఈ దశాబ్దం చివర్లో వెలిగే కోక్ కొలిమి, నడిచినంతకాలం నడిస్తే, భారత్ తన నికర ఉద్గారాలు సున్నా చేస్తానని గ్లాస్గోలో మాటిచ్చిన 2070 దాకా మండుతుంది.